అర జీబీ

పధ్నాలుగేళ్లపాటు ఆ సర్వర్ గది తాళంచెవి నా ఒక్కడి దగ్గరే ఉండేది.

విజయవాడ సూర్యారావుపేటలో మూడంతస్తుల డయాగ్నొస్టిక్ ల్యాబ్ మాది. మాది అని అలవాటుగా అంటాను గానీ నేను అక్కడ జీతానికి పనిచేసేవాణ్ణే. యజమాని ఒక డాక్టరు గారు. పామర్రు, మైలవరం లాంటి ఊళ్లలో మాకు చిన్న చిన్న సెంటర్లున్నాయి. పొద్దున్నే అక్కడ రక్తం తీసి, ఐసు పెట్టెల్లో సర్ది వ్యానెక్కిస్తారు. పది గంటలకల్లా ట్యూబులన్నీ విజయవాడ చేరతాయి. మూడో అంతస్తులో మిషన్లు పరీక్ష చేస్తాయి. ఆ ఫలితాలు రెండో అంతస్తులో నా సర్వర్లోకి దిగి, రిపోర్టులుగా మారి, మళ్లీ ఆ ఊళ్లకు వెళతాయి.

నేను నేతపని వాళ్లింట్లో పుట్టాను. హార్డ్‌వేర్ కోర్సు చేయడానికి డెల్టా నుంచి విజయవాడ వచ్చి ఇక్కడే ఉండిపోయాను. ఆ ల్యాబ్‌లో మొదటి కంప్యూటర్ బిగించింది నేనే. తర్వాత వచ్చిన ప్రతి వైరు, ప్రతి మిషన్ నా చేతుల మీదుగానే వచ్చింది.

మాకు ఒక జబ్బు ఉండేది. రోజూ పదకొండు గంటల ప్రాంతంలో అన్ని సెంటర్ల రిపోర్టులూ ఒక్కసారిగా మీద పడేవి. సర్వర్ ముందు నెమ్మదించేది, తర్వాత ఉన్నట్టుండి ఆగిపోయేది. అందరూ దాన్ని పదకొండు గంటల గండం అనేవారు. నేను వెళ్లి మళ్లీ స్టార్ట్ చేసేవాణ్ణి. పావుగంటలో అన్నీ సర్దుకునేవి. అలా ఆగడం మరీ ఎక్కువైనప్పుడు డాక్టరు గారికి చెప్పి ర్యామ్ పెంచేవాణ్ణి. మూడుసార్లు పెంచాం. కొన్నాళ్లు బాగుండేది, మళ్లీ మామూలే.

నిజం చెప్పాలంటే ఆ గండం నాకు ఇష్టంగానే ఉండేది. ఫోన్లు మోగేవి. "సార్ ఉన్నారా? ఉన్నారుగా, అయితే పర్లేదు" అని సెంటర్ల వాళ్లు అనుకోవడం ఫోన్లోనే నాకు వినపడేది.

ఆమె వేసవి చివర్లో చేరింది. వన్‌టౌన్‌లో స్థిరపడ్డ ముస్లిం కుటుంబం. తండ్రి రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. పెళ్లికి ముందు ప్రోగ్రామర్‌గా చేసి, పిల్లల కోసం తొమ్మిదేళ్లు ఇంట్లో ఉండి, వాళ్లు బడికి వెళ్లే వయసు రాగానే మళ్లీ పనికి బయల్దేరింది. రిపోర్టుల ప్రోగ్రామ్ చూసుకోవడానికి డాక్టరు గారు తీసుకున్నారు. తొమ్మిదేళ్ల ఖాళీ అనగానే నేను లోపల కాస్త నిశ్చింతపడ్డాను. ఈవిడకి అన్నీ నేనే నేర్పాలి అనుకున్నాను.

మూడో రోజు గండం వచ్చినప్పుడు ఆమె నా వెనకాల నిలబడి చూసింది. నేను రీస్టార్ట్ చేయబోతుంటే అడిగింది.

"సార్, ఒక్క నిమిషం. లాగ్ చూద్దామా?"

"లాగ్‌లో ఏముంటుందండీ? లోడు ఎక్కువై హ్యాంగ్ అవుతుంది, అంతే."

"ఒక్క నిమిషమే సార్."

సర్వర్‌లో జరిగిందల్లా తనంతట తానే రాసుకునే పుస్తకం లాంటిది లాగ్. నేను దాన్ని ఎన్నేళ్ల కిందట చదివానో నాకే గుర్తులేదు. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. చున్నీ తల మీదికి సర్దుకుని, పెన్సిల్‌తో నోట్‌బుక్కులో ఏవో అంకెలు రాసుకుంది. ఇరవై నిమిషాలు పట్టింది.

"సార్, ఇది హ్యాంగ్ అవడం కాదండీ. మెమరీ అయిపోతే ఆపరేటింగ్ సిస్టమ్ నడుస్తున్న ప్రోగ్రాముల్లో ఏదో ఒకదాన్ని చంపేసి చోటు చేసుకుంటుంది కదా. అన్నిటిలోకీ లావుగా ఉన్నది ఫలితాలన్నీ దాచే డేటాబేస్ కాబట్టి రోజూ దాన్నే చంపుతోంది. కానీ మెమరీ అంతా తినేస్తున్నది డేటాబేస్ కాదు, రిపోర్టులు తయారుచేసే ప్రోగ్రామ్. దానికి లిమిట్ లేదు. ఎంత కావాలంటే అంత తీసుకోమని రాసి ఉంది."

అలా రాసింది నేనే. పధ్నాలుగేళ్ల కిందట, ఏ ప్రోగ్రామూ ఇబ్బంది పడకూడదని అన్నిటికీ హద్దు లేకుండా వదిలేశాను. అప్పట్లో అంత పనే ఉండేది కాదు కాబట్టి చెల్లిపోయింది.

"దానికి నాలుగు జీబీ కంటే ఎక్కువ ఇవ్వొద్దు సార్. అది దాటితే అదొక్కటే పడిపోయి మళ్లీ లేస్తుంది. డేటాబేస్ జోలికి ఎవరూ పోరు."

సర్వర్ సెట్టింగులు మార్చే పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంది. ఆమె చెబుతుంటే నేను టైప్ చేశాను. రెండే రెండు లైన్లు.

మర్నాడు పదకొండు అయింది. పదకొండుంపావు అయింది. ఏమీ జరగలేదు. నేను గడియారం చూస్తూ కూర్చున్నాను. లోపల ఎక్కడో, ఆగిపో, ఆగిపో అనుకుంటున్నాను. అది ఆగలేదు. పన్నెండింటికి డాక్టరు గారు స్వయంగా కిందికి దిగి వచ్చారు. ఆయన ఎప్పుడూ సర్వర్ గదిలోకి వచ్చిన మనిషి కాదు.

"ఏమయ్యా, రెండు లైన్లకి పోయేదానికి మూడుసార్లు ర్యామ్ కొన్నామా?" అని నవ్వారు. ఆయన సరదాకే అన్నారు. నాకు మాత్రం ఆ నవ్వు వారం రోజులు చెవుల్లో మోగింది.

ఆ సాయంత్రం ఇంట్లో మా ఆవిడతో, పదకొండు గంటల గండం వదలగొట్టానని చెప్పాను. ఎవరు కనిపెట్టారో చెప్పలేదు.

"అమ్మయ్య, మంచి పని చేశారు. మరి ఇన్నాళ్లూ ఎందుకు చేయలేదు?" అంది.

అన్నం ముందు నుంచి లేచిపోయాను. దొంగిలించిన మెప్పులో కూడా నాకు దెబ్బే తగిలింది.

అక్కడి నుంచి ఆమె ఏం చేసినా నాకు కళ్లల్లో నిప్పులు పోసుకున్నట్టుండేది. డాక్టరు గారు టీ తాగే వేళకి ఆమెను పైకి పిలిచేవారు. అన్నేళ్లలో నన్ను పిలిచింది ప్రింటర్ ఆగినప్పుడే. పామర్రు సెంటర్‌లో రిసెప్షన్ చూసే అమ్మాయి ఏళ్ల తరబడి నా నంబరుకే ఫోన్ చేసేది. ఒకరోజు ఫోన్ ఎత్తగానే, "సార్, మేడం గారు లైన్లో దొరకట్లేదు, పక్కనే ఉంటే ఒకసారి ఇస్తారా?" అంది. ఇచ్చాను. ఇచ్చి, వాళ్లిద్దరూ నవ్వుకుంటూ మాట్లాడుకుంటుంటే స్క్రీన్ వైపు తిరిగి పని ఉన్నట్టు నటించాను.

ఆమె నాతో ఏనాడూ పొగరుగా మాట్లాడలేదు. అదే నాకు మింగుడుపడేది కాదు. ఒక మధ్యాహ్నం ఆమె భోజనానికి వెళ్లినప్పుడు బల్ల మీదున్న నోట్‌బుక్కు తీసి చూశాను. నా తప్పులన్నీ రాసిపెట్టుకుని ఉంటుందని వెతికాను. ఒక పేజీలో పెన్సిల్‌తో, 'సార్ చెప్పారు, పామర్రు లైన్ వాన పడితే వీక్, రిపోర్టులు చిన్న ముక్కలుగా పంపాలి' అని ఉంది. ఎప్పుడో మాటల్లో అన్నాను. అది కూడా గుర్తుపెట్టుకుంది. సంతోషించాల్సిన చోట నాకు ఒళ్లు మండింది. నా దగ్గరున్నది కూడా తీసేసుకుంటోంది అనుకున్నాను.

మా నాన్న ఎవరు నేసిన చీర చూసినా ముందు అంచు తిరగేసి తప్పు వెతికేవాడు. ఆయన మీద విసుక్కునేవాణ్ణి.

వానాకాలంలో ఆమె ఒక కొత్త ప్రోగ్రామ్ రాసింది. ఫలితం మిషన్ నుంచి దిగీదిగగానే రిపోర్టు ఆ సెంటర్‌కి వెళ్లిపోతుంది. ఏదైనా ప్రమాదకరమైన అంకె కనబడితే ఆ సెంటర్ ఫోన్‌కి వెంటనే హెచ్చరిక వెళుతుంది. అంతకుముందు పై అంతస్తులో టెక్నీషియన్లు అలాంటివి చూసి ఫోన్ చేసేవారు. ఇక ప్రోగ్రామే చూసుకుంటుందని, ఒక మంగళవారం నుంచి పాత పద్ధతి ఆపేయాలని డాక్టరు గారు నిర్ణయించారు.

ముందు రోజు సాయంత్రం ఆరింటికి, ఇంటికి బయల్దేరుతూ ఆమె నా దగ్గరికి వచ్చింది.

"సార్, కొత్త ప్రోగ్రామ్‌కి రెండు జీబీ లిమిట్ పెట్టండి. టెస్టులో ఒకటిన్నర దాకా వెళ్లింది. రేపు పొద్దున్నే నేను మైలవరం వెళుతున్నా, అక్కడి వాళ్లకి చూపించాలి. ఇక్కడ మీరున్నారుగా."

"అలాగేనండీ. నిశ్చింతగా వెళ్లిరండి."

ఆమె వెళ్లాక ఫైల్ తెరిచి రెండు జీబీ అని టైప్ చేశాను. చేసి దాన్ని చూస్తూ కూర్చున్నాను. తర్వాత చెరిపేసి అర జీబీ పెట్టాను.

కొత్త ప్రోగ్రామ్ కదా, ముందు జాగ్రత్త మంచిది అని నాకు నేనే చెప్పుకున్నాను. ఎవరైనా అడిగితే చెప్పడానికి కూడా ఆ మాట సిద్ధంగా ఉంచుకున్నాను. కానీ నాకు కావలసింది వేరు. అది ఒక్కసారి పడిపోవాలి. డాక్టరు గారు చూస్తుండగా, ఆమె ఊళ్లో లేనప్పుడు పడిపోవాలి. నేను వెళ్లి లేపాలి.

మంగళవారం పదిన్నర దాకా బాగానే నడిచింది. వచ్చే రిపోర్టులు తక్కువ కాబట్టి అర జీబీ సరిపోయింది. పదకొండుకి అన్ని సెంటర్ల ట్యూబుల ఫలితాలూ దిగడం మొదలైంది. ప్రోగ్రామ్ హద్దు దాటింది, సిస్టమ్ దాన్ని చంపేసింది. అది తనంతట తానే లేచి, ఆ రిపోర్టులే మళ్లీ ఎత్తుకుని, మళ్లీ చచ్చింది. లేవడం, పడడం. ఒక్క రిపోర్టు కూడా బయటికి పోవడం లేదు.

దాచను. మొదటి పది నిమిషాలు నాకు హాయిగా అనిపించింది. టీ తెప్పించుకుని తాగాను.

మైలవరం నుంచి ఆమె ఫోన్ చేసింది.

"సార్, ఇక్కడికి ఏమీ రావట్లేదండీ. ప్రోగ్రామ్ నడుస్తోందా?"

"పడిపోతోందండీ. మీ కోడ్‌లో ఎక్కడో తేడా ఉన్నట్టుంది."

"లిమిట్ ఎంత ఉంది సార్?"

"మీరు చెప్పినంతే పెట్టాను."

"సరే సార్, నేను ఆలోచిస్తాను" అని పెట్టేసింది.

డాక్టరు గారు పైనుంచి ఫోన్ చేసి ఏమైందని అడిగారు. "చూస్తున్నానండీ, ఆవిడ ప్రోగ్రామ్‌లోనే ఏదో ఉంది" అన్నాను. ఇంకో పది నిమిషాలు ఆగి సరిచేద్దామనుకున్నాను. అంత తొందరగా లేపితే కష్టపడ్డట్టు కనబడదు కదా.

అంతలో పామర్రు అమ్మాయి ఫోన్.

"సార్, ఇక్కడొక పెద్దాయన ఉన్నారు. కిడ్నీ పేషెంటండీ. పొద్దున బ్లడ్ ఇచ్చి వెళ్లారు, ఇప్పుడు కాళ్లు పట్టు తప్పుతున్నాయని వాళ్లమ్మాయి మళ్లీ తీసుకొచ్చింది. ఇక్కడి డాక్టరు గారు పొటాషియం ఎంతుందో చెప్పమంటున్నారు. రిపోర్టు రాలేదేంటి సార్?"

ల్యాబ్‌లో అన్నేళ్లు పనిచేసినవాడికి ఆ మాట అర్థం కావడానికి డాక్టరీ చదవక్కర్లేదు. పొటాషియం పెరిగితే గుండె ఆగుతుంది.

ఫైల్ తెరిచాను. అర చెరిపి రెండు పెట్టడానికి మూడుసార్లు తప్పు కొట్టాను. ప్రోగ్రామ్ మళ్లీ స్టార్ట్ చేశాను. మూడు నిమిషాల్లో ఆగిపోయిన రిపోర్టులన్నీ వరదలా వెళ్లిపోయాయి. అయిదు దాటకూడని పొటాషియం పెద్దాయనకి ఏడు దాటింది.

పామర్రుకి ఫోన్ చేశాను. "రిపోర్టు వచ్చిందా అమ్మా? పంపించేశాను, చూడు."

"ఇప్పుడే వచ్చింది సార్. పెద్దాయన్ని బందరు ఆసుపత్రికి తీసుకెళ్లిపోయారండీ, రెండు నిమిషాలైంది. మీకంటే ముందు మేడం గారికి చెప్పాను. ఆవిడ మైలవరం నుంచే మన పై ఫ్లోర్ టెక్నీషియన్‌కి ఫోన్ చేసి, మిషన్ మీద అంకె చదివించి నాకు చెప్పారు. సర్వర్ కోసం చూడొద్దు, వెంటనే బండెక్కించమన్నారు."

ఆ మిషన్ నా తల మీద ఒక్క అంతస్తు పైన ఉంది. పదహారు మెట్లు. నాకు ఎక్కాలని తట్టలేదు. నలభై కిలోమీటర్ల అవతల కూర్చున్న ఆమెకు తట్టింది. పెద్దాయన బతుకుతాడా అని భయపడుతూనే, ఇది కూడా ఆమే చేసింది కదా అని కలుక్కుమంది. ఆ రెండూ ఒక్కసారే అనిపించాయి. ఇప్పటికీ నన్ను సిగ్గుపడేలా చేసేది లిమిట్ మార్చడం కన్నా, ఆ క్షణంలో నాకు అనిపించిన ఆ రెండోదే.

మధ్యాహ్నమంతా లాగ్ తెరిచి పెట్టుకుని కూర్చున్నాను. ఫైల్‌లో ఇప్పుడు రెండు జీబీ ఉంది. కానీ ప్రోగ్రామ్ పడిన ప్రతిసారీ, అప్పుడు దాని లిమిట్ ఎంతో సిస్టమ్ అంకెలతో సహా రాసింది. ఒకసారి కాదు, పదులసార్లు. ఆ లైన్లు చెరిపే అధికారం ఆ భవనంలో నా ఒక్కడికే ఉంది. చెరిపేందుకు కమాండ్ కూడా టైప్ చేశాను. ఎంటర్ కొట్టలేకపోయాను. మంచితనం అనను. లాగ్ చెరిపినవాడు ఇక ఆ పనికి పనికిరాడని నా చేతులకే తెలుసు.

నాలుగున్నరకి ఆమె వచ్చింది. బస్సు కొండపల్లి దగ్గర ఇరుక్కుపోయిందట. మొహం కడుక్కుని, నా పక్క కుర్చీలో కూర్చుని లాగ్ చదివింది. నోట్‌బుక్కు తీయలేదు.

"సార్, ఇక్కడ అర జీబీ అని ఉంది."

నేను స్క్రీన్ మీది నుంచి చూపు తిప్పుకున్నాను.

"పొరపాటున పడిందా సార్?"

పొరపాటే అనడానికి ఆమె నాకు దారి ఇచ్చింది. ఆ మాటే నోటిదాకా వచ్చింది.

"కాదండీ. కావాలనే పెట్టాను" అన్నాను.

ఆమె లాగ్ మూసేసింది. కోపంగా అరిస్తే బాగుండునని నాకు అనిపించింది.

"నేనేం చేశాను సార్ మిమ్మల్ని?"

"ఏం చేయలేదండీ. మీకు వచ్చు, నాకు రాదు. అంతే."

"నేను మైలవరంలో మూడు గంటలసేపు నా కోడ్ లైను లైనూ చదువుకున్నా. తొమ్మిదేళ్లు ఇంట్లో కూర్చున్నదాన్ని, ఇక నా వల్ల కాదేమో అనుకున్నా. మానేద్దామనుకున్నా సార్, బస్సులో." లేచి కుర్చీ వెనక్కి జరిపింది. "డాక్టరు గారికి నేను చెప్పను. మీరే చెప్పండి. చెప్పకపోతే మాత్రం మీతో కలిసి నేను పనిచేయలేను."

బందరు నుంచి పెద్దాయన కుదుటపడ్డాడని కబురు మర్నాడు వచ్చింది. అది విన్నాక కూడా డాక్టరు గారి గది దాకా వెళ్లడానికి నాకు ఇంకో రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ ఆమె నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

అంతా విని డాక్టరు గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"పొటాషియం ఏడు దాటితే ఏమవుతుందో నీకు తెలీదా?"

"తెలుసండీ."

"తెలిసే చేశావా?"

"పేషెంట్ల గురించి ఆలోచించలేదండీ. ఆవిడ గురించే ఆలోచించాను."

ఆయన ఆ రోజు నన్ను పంపేశారు. మర్నాడు పిలిచారు. "నిన్ను తీసేద్దామనే అనుకున్నాను. ఆవిణ్ణి అడిగితే, పధ్నాలుగేళ్ల సంగతులన్నీ ఆయన బుర్రలోనే ఉన్నాయి, అవి కాయితం మీదికి వచ్చేదాకా వద్దన్నారు. నువ్వు మంచివాడివని మాత్రం అనలేదు" అన్నారు.

తాళంచెవి, పాస్‌వర్డ్ ఆమెకు ఇచ్చేశాను. తర్వాత మూడు నెలలు, ఏ వైరు ఎక్కడికి పోతుందో, ఏ సెట్టింగు ఎందుకు పెట్టానో కూర్చుని రాశాను. ప్రతి ప్రోగ్రామ్‌కీ ఎంత మెమరీ ఇవ్వాలో ఆమె లెక్క చూసి చెప్పేది, పక్కన నేను కారణం రాసేవాణ్ణి. ఎవరు మార్చినా ఇంకొకరు చూసి ఒప్పుకుంటేనే అమలయ్యేలా ఆమె ఏర్పాటు చేసింది. ప్రమాదకరమైన అంకె కనబడితే టెక్నీషియన్లు ఫోన్ చేసే పాత పద్ధతి కూడా తిరిగి వచ్చింది. రాయడం పూర్తయ్యాక నన్ను పొమ్మంటారనుకున్నాను. పొమ్మనలేదు. ఇప్పుడు సెంటర్లన్నీ తిరిగి మిషన్లు, బ్యాటరీలు చూసుకుంటున్నాను. సర్వర్ పని ఆమె చూస్తుంది. నన్ను సార్ అనే పిలుస్తుంది. మునుపటిలా మాటలు కలపదు.

మొన్నామధ్య బ్యాటరీలు మార్చడానికి పామర్రు వెళ్లాను. రక్తపరీక్షకి వచ్చిన ఒక పెద్దాయన బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. రిసెప్షన్ అమ్మాయి నన్ను చూపించి, "తాతగారూ, విజయవాడ ఆఫీసు నుంచి వచ్చారు" అంది. ఆయనెవరో నాకు అప్పుడు తెలిసింది.

"ఆ రోజు ఫోన్ చేసి నన్ను బండెక్కించమంది మీరేనా బాబూ?"

"కాదండీ. మా మేడం గారు."

"చల్లగా ఉండాలి ఆ తల్లి. చెప్పండి ఆవిడకి."

చెబుతానన్నాను. లోపల మళ్లీ చురుక్కుమంది, ఇంత జరిగాక కూడా. పోయిందనుకున్నది ఎక్కడికీ పోలేదు. ఆయన పక్కన కూర్చున్నాను.

"ఆ రోజు మీ రిపోర్టు ఆలస్యమైంది నా వల్లేనండీ."

"ఏం, కరెంటు పోయిందా?"

"లేదండీ. ఆవిడ మీద కుళ్లుతో నేనే ఆపాను."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. చేతికర్ర అటు నుంచి ఇటు మార్చుకున్నాడు. తిడతాడనుకుని తల వంచుకున్నాను. లోపల నుంచి నర్సు పిలిచింది. ఆయన లేవబోయి తూలాడు. నేను చెయ్యి ఇచ్చాను. పట్టుకోవాలా వద్దా అన్నట్టు ఒక్క క్షణం ఆగి పట్టుకున్నాడు. లోపలి దాకా తీసుకెళ్లి కూర్చోబెట్టాను.

బయటికి వచ్చి ఆమెకు ఫోన్ చేశాను. బ్యాటరీలు మార్చానని చెప్పాను. పెద్దాయన అన్నమాట ఆయన అన్నట్టే, ఒక్క ముక్క తగ్గించకుండా చెప్పాను.